రైలు చివరి టేకు పెట్టె

నా చిన్నప్పుడు మా మనుబోలులో నా నోటికి భయపడని మనుషులు ఇద్దరే. ఒకరు బడిలో పంతులుగారు, ఇంకొకరు మా తాతయ్య. పంతులుగారిని అయిదో తరగతితోనే వదిలించుకున్నాను. ఆయన కూడా పెద్దగా బాధపడినట్టు లేదు. తాతయ్యను మాత్రం ఇప్పటికీ వదిలించుకోలేకపోయాను.

తాతయ్య రైల్వేలో వడ్రంగి. పనిలో ఉన్నన్నాళ్ళూ రైలుపెట్టెలకు చెక్కపని చేశాడు. రిటైరయ్యాక ఆ పెట్టెల్ని చూడ్డమే పనిగా పెట్టుకున్నాడు. పొద్దునా సాయంత్రం రైల్వే గేటు దగ్గరికి పోయి నిలబడేవాడు. ఏ బండికి ఏ పెట్టె తగిలించారో ఇంటికొచ్చి మా నాయనమ్మకు చెప్పేవాడు, పెళ్ళికి ఎవరెవరొచ్చారో చెప్పినంత సంబరంగా. కొన్నాళ్ళకు కళ్ళకు పొరలు కమ్మాయి. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఆయనకు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా గేటుకు పోవడం మానలేదు. నా భుజం పట్టుకొని పోయేవాడు.

ఒక శనివారం స్టేషన్లో పనిచేసే మనిషొకడు కబురు తెచ్చాడు. తాతయ్య వయసులో ఉండగా తోటివాళ్ళతో కలిసి కట్టిన టేకు పెట్టె ఒకటుంది. ఆఫీసర్లు లైను తనిఖీకి పోయేటప్పుడు వాడేది. లోపల మంచాలు, వంటగది, వెనకవైపు పట్టాలు చూసుకోవడానికి పెద్ద అద్దం. అట్లాంటిది మా వైపు అదొక్కటే, ఏడాదికోసారి కనిపిస్తే గొప్ప. దాన్ని విరిచేయబోతున్నారట. రేపు పొద్దున ప్యాసింజరుకు చివర కట్టి మద్రాసు వైపు పంపిస్తున్నారట.

 తాతయ్య, రేపు చర్చిలో ఆరాధనకు రానన్నాడు. మా ఇంట్లో జ్వరమొస్తే తప్ప ఆదివారం గుడి ఎగ్గొట్టడం కుదరదు. నాయనమ్మ ఇంతెత్తున లేచింది.

"దేవుడికంటే రైలు ఎక్కువైపొయ్యిందా నీకు?"

"దేవుడు వచ్చే ఆదివారం గూడా ఉంటాడు. అది ఉండదు."

నాయనమ్మ విసవిసా లోపలికి పోయింది.

పొద్దున్నే గుడికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కొని బయల్దేరాడు. దారి పొడుగునా ఒకటే మాట. "ఇంజన్ని చూడబాకమే. జనాన్ని చూడబాక. చివరి పెట్టెనే చూడు. చప్పుడు నేను వింటా, చూపు నీది." అట్నే తాతయ్యా అన్నాను. అన్నానంతే.

నాకప్పట్లో ఒక పాడు ఆట ఉండేది. గేటు దగ్గర రైలు నెమ్మదించగానే, కిటికీల్లో వాళ్ళను చూసి "మీ బండి చక్రానికి గాలి పొయ్యింది, దిగండి దిగండి!" అని అరిచేదాన్ని. పదిమందిలో ఒకరైనా తల బయటపెట్టి చక్రం వైపు చూసేవాళ్ళు. ఆ రోజు అరవకూడదనే అనుకున్నాను. కానీ ఒక కిటికీలో తలపాగా పెద్దమనిషి మీసం దువ్వుకుంటూ నన్ను చూసి మొహం చిట్లించాడు. అట్లాంటి మొహం దొరికాక నోరు ఊరుకుంటుందా? తాతయ్య చెయ్యి వదిలించుకొని ముందుకు ఉరికి అరిచాను. ఆయన నడుము దాకా వంగి చక్రం వైపు చూశాడు. తలపాగా జారి కంకర పక్కన పడింది. నేను కడుపు పట్టుకొని నవ్వి, దాన్ని తీసి ఆయనకు చూపిస్తూ ఊపి, వెనక్కి తిరిగేసరికి రైలు దాటిపోయింది.

తాతయ్య గేటు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకొని, మొహం పట్టాల వైపే ఉంచి నిలబడి ఉన్నాడు.

"చూసినావామే?"

చూశానన్నాను. ఆ ఒక్క అబద్ధంతో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కొత్తగా వార్నిష్ వేశారన్నాను. అద్దంలో ఆకాశం కనిపించిందన్నాను. ఇంటిదారిలో ఆయన అడిగేకొద్దీ నేను చెప్పేకొద్దీ, ఆయన అడుగులు తేలికైపోతున్నాయి. కిటికీలు సరిగ్గా ఉండాయా, మెట్లు అరిగినాయా అని అడిగి అడిగి, చివరికి తలుపు మీద ఇత్తడి చిలక ఇంకా ఉండాదా అన్నాడు. ఉందన్నాను. ఎండకు ధగధగా మెరిసిందన్నాను.

నా భుజం మీది చెయ్యి తీసేశాడు.

"చిలకే పెట్టలేదుమే మేము."

కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. "చూడలేదంటే ఒక్కసారి బాధపడి ఊరుకునేవాణ్ణి. చూశానంటివి. ఎన్నిసార్లు ఆశపడినానో చూడు" అన్నాడు, అంతే.  ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే నేను దారి పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన నిలబడే ఉన్నాడు. నా ఏడుపు తగ్గాక, "సరే, నిజంగా ఏం కనిపించిందో అది చెప్పు. రవ్వంతయినా పరవాలేదు" అన్నాడు.

చెప్పడానికి ఏముంది? దూరంగా పోతుంటే వెనక భాగం కనిపించింది. రంగు తెలియలేదు. మిగతా పెట్టెలన్నీ తిన్నగా పోతుంటే అదొక్కటే కొంచెం ఒరిగిపోయి పోతోంది. అదే చెప్పాను, గొణుగుతూ.

తాతయ్య నా వైపు వంగాడు. "ఏ పక్కకి?"

"ఎడం పక్కకి."

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. ఆ పెట్టె కట్టేటప్పుడు నీళ్ళ ట్యాంకు ఎడమ పక్క బిగించి, దానికి సరితూగే బరువు కుడి పక్క పెట్టడం మరిచిపోయారట. పెద్ద ఆఫీసరు చూడ్డానికి వచ్చే ముందురోజు గానీ ఆ సంగతి బయటపడలేదట. విప్పి మళ్ళీ కట్టే వ్యవధి లేక, అడుగున చెక్కముక్కలు దోపి, ఎవరికీ చెప్పకూడదని ఒట్లు వేసుకున్నారట. "ఇన్నేళ్ళల్లో ఒక్క ఆఫీసరు గూడా కనిపెట్టలా. అదేమే నా పెట్టె. అదే పొయ్యింది." మళ్ళీ నా భుజం పట్టుకొని, అది ఎట్లా ఊగేదో చూపిస్తూ, ఇంటిదాకా ఎడమకు ఒరిగి నడిచాడు. మరుసటి ఏడు వానలకు ముందే పోయాడు.

నేను కట్టిన కథలన్నిటిలో ఆయనకు తన పెట్టె కనిపించలేదు. నేను చూసిన ఆ రవ్వంతలోనే కనిపించింది. అందుకే ఎంత వేళాకోళం మనిషినైనా, చూశావా అని ఎవరైనా ఆశతో అడిగితే నా నోరు దగ్గర పెట్టుకుంటాను.

మొన్నామధ్య మా పక్కింటి పెద్దాయన ఆసుపత్రిలో పోయినప్పుడు ఆయన దగ్గర ఉన్నది నేనే. కూతురు వచ్చేసరికి ఆలస్యమైంది. నా రెండు చేతులూ పట్టుకొని, "చివర్లో ఏమన్నాడు పిన్నీ, నన్నడిగినాడా?" అంది. నీ పేరే తలుచుకున్నాడమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఫ్యాను ఆపమన్నాడమ్మా. ఇంకేమీ అనలేదు."

ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది. "మా నాయనకు ఎప్పుడూ చలే పిన్నీ. రోహిణి ఎండల్లో గూడా దుప్పటి కావాల" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఇంకొక్క మాట కలపలేదు.