బొట్టు పెట్టిన మీట

కష్టాన్ని బొట్టు పెట్టి పిలవడమనేది మాటవరసకు అంటారనుకునేవాణ్ణి. నేను నిజంగానే పిలిచాను. దసరాకు కారు కడిగి, స్టీరింగుకూ చక్రాలకూ బొట్లు పెట్టాక గిన్నెలో తడి పసుపు మిగిలిపోయింది. పారబొయ్యడానికి మనసొప్పలేదు. ఎడమ తలుపు అద్దాన్ని ఎక్కించి దించే మీటకు ఒక బొట్టు పెట్టాను. నిండుగా ఉంటుందని దాని మీద ఇంకొకటి. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

మా కారు బాగా పాతది. దాని కిటికీలను పవర్ విండోలంటారు గాని, పవరంతా ఆ పక్క సీట్లో కూర్చునే మా ఆవిడదే. ఆమదాలవలస రైలు గేటు దగ్గర మొక్కజొన్న పొత్తుల కోసం ఆవిడ అద్దం దించింది. దిగింది. అద్దం మళ్లీ ఎక్కనంది. నా వైపు నుంచి దాన్ని నడిపే మీట నొక్కినా ఉలకలేదు, పలకలేదు. అంతలో వాన. బంగాళాఖాతంలో అల్పపీడనం, బండిలో అధికపీడనం. శ్రీకాకుళంలో ఇల్లు చేరేసరికి ఆవిడా పొత్తులూ సమానంగా తడిశారు.

"ఆదివారం గరివిడిలో మా పిన్ని మనవరాలి పెళ్లి. ఆలోగా ఇది ఎక్కకపోతే నేను మా అన్నయ్య కొత్త కార్లో ఎల్తాను. మీరు ఎనకాల తడుసుకుంటూ రండి."

ఆ అన్నయ్యే మా బావ. నా కారు కనబడితే చాలు, అమ్మెయ్యమని పోరుతాడు. పెళ్లివారందరి ముందు ఆవిడ ఆయన కార్లోంచీ, నేను నా కార్లోంచీ దిగడం ఊహించుకుంటేనే, అద్దంతో పాటు నా పరువూ కిందికి జారిపోయింది.

ఫ్యూజు చూశాను. బాగానే ఉంది. ఇంతలో పిలవకుండానే బావ వచ్చాడు.

"తప్పుకో బావా, నాను సూత్తాను."

తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. మోటారును వేలితో కొట్టి, "ఇది సచ్చిపోనాది" అన్నాడు. కాసేపటికి, "కాదు, ఎలక వైరు కొరికేసినాది" అన్నాడు. కొరికిన వైరు ఎంత వెతికినా దొరకలేదు. "అసలు నీ కారే మార్సీయాలి" అని తేల్చాడు. రోగం అంతుపట్టకపోతే రోగినే మార్చెయ్యమనే వైద్యం. అట్ట మళ్లీ బిగించేసరికి కొన్ని మరలు మిగిలాయి.

"ఇవేటి బావా?"

"ఉండనీ. బరువు తగ్గుతాది, మైలేజీ వస్తాది."

పోతూ పోతూ కిటికీకి యూరియా సంచి కట్టిపోయాడు. మర్నాడు దారి పొడుగునా అది గాలికి టపటపా కొట్టుకుంటుంటే, పక్కన ఆగిన ఆటోవాడు తల బయటపెట్టి, "ఏటి సార్, ఎరువు లోడా?" అన్నాడు. నేను వినపడనట్టు నటించాను. సంచి చప్పుడులో అదొక్కటే సుఖం.

శనివారం సాయంత్రం మా ఆవిడ సీట్లో కూర్చుని, సంచి తొలగించి, మీటను గోరుతో గీరింది. పచ్చటి పెచ్చు ఊడింది.

"ఏటండీ ఇది? మీటకి నలుగెట్టేరా?"

అప్పుడు గుర్తొచ్చింది దసరా. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆవిడ నవ్వు ఎంతకీ ఆగలేదు. పాత పళ్ల బ్రష్షును స్పిరిట్‌లో ముంచి, మీట సందుల్లో గట్టిపడిన నా భక్తినంతా తోమి తీశాను. నా వైపు మీట నుంచి వచ్చే కరెంటు కూడా దీని గుండానే మోటారుకు చేరాలి మరి. నొక్కితే అద్దం మూలుగుతూ, ఆగుతూ, చివరికి పైకి వచ్చింది.

"మరి రేపు ఎవరి కారు?" అనడిగాను బెరుగ్గా.

"అది ఎక్కిందిగా, నేనూ ఎక్కుతాను" అంది.

గరివిడిలో పందిరి దగ్గర కారు ఆపేసరికి తుంపర మొదలైంది. ఆవిడ అద్దం కొంచెం దించిందో లేదో, బావ వచ్చి దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఎక్కినాదని సంబరపడిపోకు బావా. మోటారు మార్సకపోతే దారిలో మళ్లీ దిగిపోతాది. నా మాటిను, వచ్చిన రేటుకి..."

"అలాగే బావా. ఓపాలి సెయ్యి తియ్యి."

తీశాడు. నా వైపు మీట నొక్కి పట్టుకున్నాను. అద్దం తీరిగ్గా ఆయన గడ్డం దాటింది, మీసం దాటింది, పైన అంచుకు తాకి మూసుకుంది. బయట వానలో బావ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ సలహా పూర్తయ్యేదాకా మేమిద్దరం కారు దిగలేదు.