గోవా ఇసుకలో ఎనిమిది తువ్వాళ్ళు

రాత్రి పదకొండు దాటింది. గాలి ఆడటంలా, ఒళ్ళంతా ఉప్పు జిడ్డు. దూరంగా సముద్రం మీద మెరుపులు. పొద్దున రెండు ఇడ్లీలు తిన్న జయపాల్‌కి పేగులు అరుస్తన్నాయి. అయినా ముద్ద ముట్టడు. మనుషులంతా లెక్కకొచ్చిందాకా మేస్త్రీ తినకూడదు, అది వాళ్ళ క్వారీ పద్ధతి.

నడికుడి పక్కన రాతి క్వారీలో ఇరవై ఏళ్ళుగా ఆయనే ముఠా మేస్త్రీ. రాతిలో మందు తూటా పేల్చే ముందు అందర్నీ గట్టు మీదికి తోలి, తలకాయలు లెక్కేసి, ఇక పేల్చమని చెయ్యెత్తేది ఆయనే. దుమ్ములో మొహాలు ఆనవని అందరి తలలకీ ఎర్ర తువ్వాళ్ళు కట్టించాడు. ఇన్నేళ్ళల్లో ఒక్క మనిషికి గీత పడలా. కోటప్పకొండ తిరనాళ్ళకి తీసుకెళ్ళినా అట్టాగే లెక్కేసేవాడు.

రోహిణి ఎండలకి క్వారీ మూశారు. ముఠాలో ఎనిమిది మందీ గోవా పోదామన్నారు. నరసరావుపేటలో రైలెక్కిన కాడ్నించి జయపాల్ చెప్పిందే చెప్పాడు.

"వట్టి కడుపుతో తాగమాకండి. ముక్కూ మొహం తెలవనోడు గ్లాసు ఇస్తే ముట్టమాకండి. ఇద్దరిద్దరు కలిసి తిరగండి. చీకటి పడ్డాక నీళ్ళ జోలికి పోబాకండి."

"పాలసీసా కూడా తెచ్చావా మేస్త్రీ?" అన్నాడు ఆనంద్ బాబు. ముఠాలో వాగుడుకాయ వాడే. పెళ్ళయ్యి రెండు నెలలు.

ఇప్పుడు ఒడ్డున పాక హోటల్లో పాటలు దద్దరిల్లతన్నాయి. లైట్లు తిరుగుతుంటే జనం ఒక క్షణం కనపడి మరుక్షణం మాయమవుతున్నారు. జయపాల్ ఒక మూల కుర్చీ ఎక్కి లెక్కేశాడు. ఎనిమిది ఎర్ర తువ్వాళ్ళు. మళ్ళీ వేశాడు. ఎనిమిదే. గుండె కుదుటపడి, చేపల కూర, అన్నం చెప్పాడు.

పళ్ళెం వచ్చింది. ముద్ద కలిపాడు. అప్పుడు జహంగీర్ చెమటలు కక్కుతా వచ్చాడు. ఆనంద్ బాబుకి జత కట్టింది అతన్నే.

"అన్నా, ఆనంద్ గాడు ఇటొచ్చాడా?"

"ఆడనే ఉన్నాడుగా. ఎనిమిదీ సరిపోయినయ్యి."

"యాడ అన్నా?"

జయపాల్ లేచి, అందరికన్నా అవతల ఎగురుతున్న తువ్వాలు కాడికి పోయి భుజం పట్టి తిప్పాడు. గడ్డపోడు. ఎవడో తెలవదు. నవ్వతా, తన టోపీ ఇచ్చి తువ్వాలు మార్చుకున్నానని సైగ చేశాడు. ఆ టోపీ పెట్టుకున్నోడు ఎటెళ్ళాడంటే సముద్రం వైపు చూపించాడు.

జయపాల్ కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. నీళ్ళ అంచున ఒక్క చెప్పు దొరికింది. నీళ్ళల్లో దిగొద్దని పైన పాతిన ఎర్రజెండా టపటప కొట్టుకుంటా ఉంది. ఆనంద్ ఫోన్ మోగటంలా. "ఆనందూ! ఒరేయ్ ఆనందూ!" అని పిలుస్తుంటే అలలు ఆ పిలుపుని మింగేస్తన్నాయి. వాణ్ణి చేసుకున్న ఆ పిల్లకి ఏం చెప్పాలి? లెక్క సరిపోయిందమ్మా అని చెప్పాలా? మిగిలిన ఏడుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒడ్డెంట నడిచారు.

గంటన్నరకి, బండల అవతల టార్చిలైటు కనపడింది. ఇద్దరు జాలర్లు ఆనంద్‌ని నీళ్ళల్లోంచి లాగి బోర్లా పడుకోబెట్టి ఉన్నారు. నీళ్ళు కక్కతన్నాడు. కళ్ళు తెరిచి, "మేస్త్రీ, అన్నం తిన్నావా?" అన్నాడు. జయపాల్ వాణ్ణి లాగి ఒక్కటి పీకి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఊరొచ్చాక క్వారీ తెరిచారు. తూటాలు పెట్టారు. జయపాల్ లెక్కేశాడు. ఎనిమిది. నమ్మబుద్ధి కాలా. ఒక్కొక్కడి గడ్డం పట్టుకుని మొహం చూశాడు. గట్టు దిగి మళ్ళీ ఎక్కి మళ్ళీ చూశాడు.

"ఏంది జయపాలూ, పెళ్ళిచూపులా?" అని కింద నించి అరిచాడు మందు పేల్చే విజయ్ కుమార్. అందరూ నవ్వారు.

రోజురోజుకీ ఆ చూడటం పెరిగింది. పదకొండో రోజు, అందరూ గట్టెక్కి కూర్చున్నారు. ఆయన లెక్కేశాడు, మొహాలు చూశాడు, పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. చెయ్యెత్తబోయాడు. సగం దాకా లేచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. కింద విజయ్ కుమార్ ఎదురు చూస్తన్నాడు. జయపాల్ చెయ్యి దించి, జహంగీర్‌ని లాక్కొచ్చి తన చోట నిలబెట్టాడు. గట్టు దిగి, దాచేపల్లి రోడ్డు వైపు నడిచిపోయాడు.