ఒంటి పిన్ను

అమీర్‌పేట్‌ల మా పక్క షట్టర్ మల్లేశంది. హెడ్‌సెట్లు బాగుచేస్తడు. బేగంపేట పైలట్లు సుత ఆయన దగ్గరికే వస్తరు. పని మస్తు, నోరే సక్కగుండదు. ఏది చేసినా తన చెవులతోని ఇన్నంకనే చేతికిస్తడు.

మొన్న పంజాగుట్ట నుంచి హైమవతి గారు ఒక హెడ్‌సెట్ తెచ్చి పిన్ను మార్చమన్నరు.

“గిది హెలికాప్టర్‌ది. ఒక్కటే లావు పిన్ను ఉంటది. విమానానికైతే రెండు పిన్నులు. దేంట్ల పెట్టాలె, ముందు గది చెప్పమ్మా,” అని కసిరిండు.

“ఫోన్‌కి పెట్టాలండి.”

మల్లేశానికి ఒళ్లు మండింది. “పాటలు ఇనుటానికి గింత మంచి సామాను ఖరాబ్ చేస్తరా? మీ ఇంట్ల పైలట్‌ను అడిగి రాపోండి.”

“మా అబ్బాయి తారక్‌దండి. హెలికాప్టర్ కూలి చనిపోయాడు. ఇది ఇంట్లో ఉండిపోయింది. వాడు పెట్టుకున్నదాంట్లో వాడి గొంతు వినాలనుంది.”

మల్లేశం లావు పిన్ను కోసేసి ఫోన్ పిన్ను అతికిండు. అలవాటు కొద్దీ తన చెవులకే పెట్టుకొని, ఆమె ఫోన్‌ల చూపించిన వాయిస్ మెసేజ్ నొక్కిండు.

“వినిపిస్తోందా అండి?” అని ఆమె అడిగింది.

ఆయన చెవుల్ల పిలగాడు చెప్తుండు: “అమ్మా, దిగగానే ఫోన్ చేస్తాను.”