బండి గొంతు మార్చిన ఇస్సాకు

సైదాబాద్‌లో తన గల్లీ మలుపు దగ్గరికి రాగానే ఇస్సాకు ఇంజన్ బంద్ చేసేవాడు. దిగి, ఒక చెయ్యి స్టీరింగ్ మీద పెట్టి, భుజం తలుపుకి ఆనించి, ఇంటిదాకా బండిని నెట్టుకుంటూ వచ్చేవాడు. అది రెండే సీట్ల ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. నడుమంత ఎత్తు కూడా ఉండదు కాబట్టి నెట్టాలంటే బాగా వంగాలి. అరుగుల మీద కూర్చున్నవాళ్లకు మొదట్లో నవ్వొచ్చేది.

"ఏందన్నా, పెట్రోలు మళ్లా ఒడిసిందా?" అనేవాళ్లు.

సంగతి తెలిశాక ఎవరూ నవ్వలేదు. తీరికున్నవాళ్లు లేచి వచ్చి వెనక ఒక చెయ్యి వేసేవాళ్లు.

సంగతి ఏమంటే, ఇంట్లో అతని అత్త ఆగమ్మ ఉంటుంది. కండ్లల్లో పొరలు వచ్చాయి, మనుషులు ఆమెకు నీడల్లాగే కనబడతారు. బండి చప్పుడు వినబడిందంటే మంచంలోంచే కేకేసేది. "వరమ్మా, నీ పెనిమిటి వచ్చిండే, చాయ్ పెట్టు!"

వరమ్మ ఆమె కూతురు, ఇస్సాకు పెండ్లాం. డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండకాలంలో కడుపునొప్పి అని దవాఖానకు పోయింది, మళ్లీ రాలేదు. మట్టి చేసి వచ్చిన వారానికే ఆగమ్మ బండి చప్పుడు విని ఎప్పటిలాగే కేకేసింది. ఇస్సాకు గుమ్మంలో నిలబడిపోయాడు. ముసలామె ఇంకోసారి పిలవలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ముసలిదానికి మతి తప్పిందనుకున్నాడతను. గుర్తు చేస్తే మళ్లీ కొత్తగా ఏడుస్తుందని భయపడ్డాడు. అందుకే మలుపు దగ్గరినుంచి బండిని నెట్టుకురావడం మొదలుపెట్టాడు, అత్త ముందర వరమ్మ పేరెత్తొద్దని గల్లీ అంతటికీ చెప్పి పెట్టాడు. పక్కింటి షౌకత్ బీ రొట్టెలిచ్చి పోవడానికి వచ్చి, అలవాటుగా "వర..." అనేది. అతను చెయ్యి ఊపితే మాట మార్చి, "వానొచ్చేటట్టుంది ఆగమ్మా" అనేది.

ఇస్సాకు సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ బండి ఒక పాత నవాబుల దేవిడీ షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టే చోట ఉండేది. ఇల్లు అమ్ముకుని పోతూ వాళ్లు తీసుకుపొమ్మంటే, ముక్కలుగా విప్పి తెచ్చుకుని, సెలవు రోజుల్లో కూర్చి నడిపించాడు. వరమ్మ దాన్ని తొట్టి అనేది. "ఈ తొట్టి మీద నాకంటె మస్తు పాణం ఈయనకు" అని గల్లీలో అందరికీ చెప్పేది. ఆదివారంనాడు ముందు అత్తను చర్చి దగ్గర దింపి, మళ్లీ వచ్చి వరమ్మను ఎక్కించుకుని పోయేవాడు. ఇప్పుడు ఒక్క ట్రిప్పే.

వానలు మొదలయ్యాక నెట్టుడు కష్టమైంది. గల్లీ బురద, నడుము పట్టేసేది. అదే టైములో ఇంజన్ పక్కనుండే పొగ గొట్టాల దిమ్మ, మెకానిక్కులు మేనిఫోల్డ్ అంటారు, పగిలింది. బండి తుపాకీ పేలినట్టు పేలుతూ పోతుంటే కోఠీలో ట్రాఫిక్ పోలీసు ఆపి, "పెండ్లి బరాత్ ఎక్కడ్ది?" అని అడిగాడు.

బార్కస్ పోయే తొవ్వలో బాబూమియాకు సైలెన్సర్ల దుకాణం ఉంది. ఇస్సాకు బండి అక్కడ పెట్టాడు. బాబూమియా బోనెట్టు ఎత్తి, పగులు మీద వేలు పెట్టి చూశాడు.

"మూడు తొవ్వలున్నయ్ భాయ్. ఒకటి, గిసొంటిదే ఉంచుడు. ఇది పోత ఇనుము. వెల్డింగ్ పెట్టమంటె పెడ్త, గని వేడికి దాని పక్కన మళ్లా పగుల్తది. లేకుంటె జుమ్మేరాత్ బజార్‌ల పాత సామాన్ల ఇంకోటి దొర్కొచ్చు. గని అది గూడ ఎవడో పగిలిందనే పారేసుంటడు."

"రెండోది?"

"ఇది తీసి పారేసి నాలుగు పైపులు పెట్టుడు. నాలుగూ ఒక్క కాడ కలుస్తయ్." నాలుగు వేళ్లను ఇంకో చేతి పిడికిట్లో దూర్చి చూపించాడు. "ఖాళీ రోడ్డు మీద గాలి లెక్క పోతది. గని నువ్వు పోయేదేడికి? డ్యూటీకి. చాదర్‌ఘాట్ కాడ రిక్షా ఎనక ఫస్ట్ గేర్ల పోయేటోనికి గది దండుగ. మెల్లగ పోతుంటే ఇంజన్ గుంజది, పికప్ ఉండది."

"మూడోది చెప్పరాదు."

"రెండు రెండు కలిపి, ఆ రెండింటిని మళ్లా ఒకటి చేసుడు. పైపు జర లంబా ఉంటది. మెల్లగ నడిపినా గుంజుతది. రోజు నడిపే బండికి గిదే. లంబా అంటే కిందికి దిగుతది గద, మీ గల్లీ మోరీ బండలకు తగలకుండ పైకి వంచుత. అడ్రస్ యాదికి పెట్టుకొనే వంచుత, ఫికర్ చెయ్యకు."

బండి దొరికిన ఏడాదినుంచి ఇస్సాకుకు ఆ పైపుల మీద మనసు. వరమ్మ పెట్టనియ్యలేదు. ఉన్న చప్పుడుకే పక్కింటి పసిపిల్లలు ఉలిక్కిపడుతున్నారనేది. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్లు లేరు. కానీ అతను అడిగింది వేరే.

"ఏది పెడ్తె పాత చప్పుడు ఉండది?"

బాబూమియా నవ్వాడు. "అందరు పికప్ అడుగుతరు, నువ్వు చప్పుడు అడుగుతున్నవేంది?"

ఇస్సాకు అత్త సంగతి చెప్పాడు. బాబూమియా పగులును ఇంకోసారి వేలితో తడిమి, "నాలుగు ఒక్కటైనది మొరుగుతది. మూడోది బొంగురుగ, మెత్తగ ఉంటది. పాతదాంతోని అయితె రెండిట్ల దేనికి పోలిక లేదు" అన్నాడు.

మూడోదే అనుకున్నారు. పైపు వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల ఇసుక నింపి, కొసలకు బిరడాలు కొడతారు. తడి ఉంటే వేడికి ఆవిరి పట్టి బిరడా తుపాకీ గుండులాగ ఎగురుతుంది. అందుకని ఇస్సాకే పెనం మీద ఇసుక వేయించాడు. బాబూమియా పైపు ఎర్రగా కాల్చి వంచుతుంటే రెండో కొస పట్టుకున్నాడు. ఎక్కించాక పెట్రోలు గొట్టానికి వేడి తగలకుండా పైపులకు ఆస్బెస్టాస్ తాడు చుట్టారు.

ఆ సాయంత్రం ఇస్సాకు మలుపు దగ్గర ఆగలేదు. ఇంటిముందుదాకా నడుపుకుంటూ వచ్చి, ఒకసారి రేజ్ ఇచ్చి, ఆపాడు. లోపలినుంచి కేక రాలేదు. అతనికి ఒంటిమీద బరువు దిగినట్టయింది. పోయి చాయ్ చేసి, అత్త చేతికి గ్లాసు అందించాడు.

"ఎవలి బండి అల్లుడా అది?" అంది ఆగమ్మ.

"మనదే అత్తా. పైపులు మార్పించిన."

"ఎందుకు?"

"పాతది పగిలింది." చెప్తేనే మంచిదనుకున్నాడు. "నువ్వు గూడ ఆ చప్పుడు ఇంటే మర్చిపోయి దాన్ని పిలుస్తుంటివి..."

"దాన్ని అంటే ఎవల్ని?"

ఇస్సాకు తన గ్లాసులో చాయ్ ఊదుకున్నాడు.

"చూసినవా, ఇప్పుడు గూడ నోట్లకెల్లి వస్తలేదు." ఆగమ్మ గ్లాసు కింద పెట్టింది. "నేను మర్చిపోతనా? ఈ చేత్తోని మట్టి ఏసి వచ్చిన. నువ్వు దాని పేరెత్తవు. షౌకత్ బీ ఎత్తబోతె సైగ చేస్తవు. కండ్లు కనవడకుంటే గది తెలుస్తలేదా? నీ బండి వచ్చినప్పుడు ఒక్కపారి పిలుచుకుంటుంటి. ముసల్ది మర్చిపోయిందిలే అని ఎవలేమనకపోయేటోళ్లు. నువ్వు నెట్టుకొచ్చుడు మొదలు పెట్టినవు. బండి అయితె నెట్టినవు గని చెప్పుల చప్పుడు ఏడ దాస్తవు? ఇప్పుడు చప్పుడే మార్చుకొచ్చినవు."

ఇద్దరూ చాయ్ తాగారు. అతను గ్లాసులు కడిగి బోర్లించాడు.

పొద్దున డ్యూటీకి పోయే ముందు బాబూమియా దుకాణం ముందు ఆగాడు. పాత మేనిఫోల్డ్ ఇంకా గోడవారనే ఉంది.

"అది అతికిచ్చి మళ్లా పెడ్తవా?" అన్నాడు.

"పెట్టమంటే పెడ్త. కొన్నాళ్లకు మళ్లా పగుల్తది. అప్పుడేం చేస్తవ్?"

ఇస్సాకు ఆ దిమ్మవైపు చూశాడు. దాన్ని అక్కడే వదిలేసి గేరు వేశాడు. చాదర్‌ఘాట్ దగ్గర రిక్షా వెనక ఫస్ట్ గేర్‌లో పోతుంటే బండి బాగానే గుంజింది. బాబూమియా చెప్పినట్టే.

సాయంత్రం బండి ఇంటిముందు ఆపి, దిగి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. అరుగు మీద షౌకత్ బీ బియ్యం ఏరుతోంది. అతను లోపలికి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"వరమ్మా, వచ్చిన. చాయ్ పెట్టు" అన్నాడు.

షౌకత్ బీ చెయ్యి చాట మీద ఆగిపోయింది.

"గంత మెల్లగ పిలిస్తె ఎవలికి ఇనవడ్తది?" అంది లోపల మంచంలోంచి ఆగమ్మ. "గట్టిగ పిలువు."

ఈసారి గట్టిగా పిలిచాడు. గల్లీ చివరిదాకా వినబడింది. తర్వాత తనే పోయి స్టవ్వు మీద నీళ్లు పెట్టాడు.