ఘటం దించని దరువు

మా అమ్మకు గుండె కవాటం పాడైందని కాకినాడలో డాక్టరు చెప్పిన ఏడాదే నేను సీక్వెన్సర్ ఉన్న కీబోర్డు కొన్నాను. ఈ రెండింటికీ ముడిపడుతుందని అప్పుడు ఎవరైనా అని ఉంటే పగలబడి నవ్వేవాణ్ణి. నాకప్పట్లో అందరినీ చూసి నవ్వడం అలవాటు. రామచంద్రపురం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు వాయిస్తూ తిరిగేవాణ్ణి. తబలా, డ్రమ్ములు, వయొలిన్లు అన్నీ ఒక్క పెట్టెలోంచి పలికేసరికి కళ్లు నెత్తికెక్కాయి. ఒకసారి వాయించి అందులో ఎక్కిస్తే చాలు, మనం చేతులు కట్టుకు కూర్చున్నా అది వాయిస్తూనే ఉంటుంది. అలవదు, మంచినీళ్లడగదు. ఇక మనుషులతో పనేంటి అనుకున్నాను.

మాది గోదావరి పాయ ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. ఏటా ఎండాకాలంలో అమ్మవారి జాతర చేస్తారు. పసుపు రాసి వేపమండలు కట్టిన ఘటాన్ని రేవు దగ్గర తలకెత్తుకుని, గుడిదాకా మోసుకెళ్లి, గుడి ముందు ఆడాలి. ఆ ఘటం ఎత్తే హక్కు మా ఇంటిది. మా నాయనమ్మ తర్వాత అమ్మకు వచ్చింది. గుడి ముందుకు రాగానే అమ్మకు పూనకం వచ్చేది. డప్పుల మేళం పెద్దాయన ఆమెకు ఎదురుగా వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వాయించేవాడు. ఆయన దరువు పెంచితే అమ్మ ఊగిపోయేది, తగ్గిస్తే మెల్లగా చల్లబడేది. ఆయన చివరి దెబ్బా, అమ్మ ఘటం దించడమూ ఒక్కసారే జరిగేవి. ఎంతసేపని ఎవరూ గడియారం చూసిందీ లేదు, అడిగిందీ లేదు.

"గంతులేసే పనులు పెట్టుకోకమ్మా, ప్రాణం మీదకొస్తుంది" అన్నాడు డాక్టరు. అమ్మ బుద్ధిగా తలూపింది. తిరుగు బస్సులో మాత్రం నా చెవి దగ్గరకు వంగి, "ఘటం సంగతి ఆయనకి చెప్పకురా" అంది. నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

జాతర దగ్గర పడింది. ఆ ఏడు ఎన్నికలు కూడా వచ్చిపడ్డాయి. ఊరేగింపులకని మేళాన్ని మొత్తం భీమవరం వాళ్లు ముందే మాట్లాడేసుకున్నారు. జాతర కమిటీ పెద్దాయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నీ పెట్టెలో డప్పు పలుకుతుందంట కదా?"

"ఎందుకు పలకదండి, భేషుగ్గా పలుకుతుంది" అన్నాను.

పక్కనే చిరిగిన వల కుట్టుకుంటున్న అమ్మ తలెత్తి చూసింది. కొడుకు వాయిస్తుంటే ఘటం ఎత్తడం. ఆమె మొహం వెలిగిపోయింది. అది చూసి నేను ఇంకాస్త ఉబ్బాను. డాక్టరు మాట మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు అంటే అబద్ధం. నాకు గుర్తొచ్చింది. ఏడాదికొక్క రోజే కదా అని సర్దిచెప్పుకున్నాను.

భీమవరం వెళ్లేముందు మేళం పెద్దాయన ఒక పూట నా దగ్గర కూర్చున్నాడు. ఆయన మోకాలి మీద కొట్టి చూపిస్తే నేను అదే దరువు మీటల మీద వేళ్లతో వాయించి ఎక్కించాను. నా వేలు తడబడిన చోట పెట్టె తనే సరిచేసేసింది. పెద్ద స్పీకర్లో వినిపించాను. ఆయన చాలాసేపు కదలకుండా విన్నాడు.

"తప్పేం లేదు బాబూ. మరి ఇది ఎప్పుడు ఆగుతుంది?"

"నేను ఆపినప్పుడండి."

"ఎప్పుడు ఆపాలో నీకెలా తెలుస్తుంది?"

"చూస్తూనే ఉంటాను కదండీ" అన్నాను కాస్త విసుగ్గానే. ఆయన ఏదో చెప్పబోయాడు. ఈలోగా రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. వెనకాలే పరిగెత్తి ఏంటండీ చెప్పబోయారు అని అడగడానికి నాకేం రోగమో ఇప్పటికీ తెలియదు.

జాతర రోజు మధ్యాహ్నం ట్రాక్టరు తొట్టిలో జనరేటరు, స్పీకర్లు, నా పెట్టె. రేవులో అమ్మ తలమీద ఘటం పెట్టగానే బటన్ నొక్కాను. జనం హోరెత్తిపోయారు. నలుగురు డప్పులవాళ్లు వాయించినా అంత మోత రాదు. గుడి ముందుకు వచ్చేసరికి అమ్మ కళ్లు పైకి తేలిపోయాయి. ఆడవాళ్లు పాదాల మీద పసుపునీళ్లు పోస్తున్నారు. ఎండ మండిపోతోంది.

ఘటం తలమీద ఉండగా దరువు ఆగకూడదు. ఆగితే ఊరికి అరిష్టమని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. అమ్మ ఎప్పుడు ఘటం దించుతుందా, ఎప్పుడు బటన్ నొక్కుదామా అని వేలు దాని మీదే పెట్టుకుని నిలబడ్డాను. ఆమె దించడం లేదు. ఏటా ఈపాటికి దించేసేది. జాకెట్టు చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు నల్లబడుతున్నాయి. నాకు భయం పట్టుకుంది. వేగం కొంచెం తగ్గించాను. ఆమె అడుగులూ తగ్గాయి, ఆగలేదు.

"ఆపకు" అన్నాడు కమిటీ పెద్దాయన తొట్టి పట్టుకుని. "అమ్మోరు ఇంకా దిగలేదు."

అప్పుడే అమ్మ జనం తలల మీదుగా సూటిగా నా వైపు చూసింది. ఒళ్లు జలదరించింది. అమ్మవారే చూసిందనుకున్నాను. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను. ఆమె కళ్లు దించుకుని మళ్లీ ఆడింది.

ఆ తర్వాత మోకాళ్లు మడతపడ్డాయి. ఎవరో ఆవిడ ఘటాన్ని పట్టుకుంది. అమ్మను పట్టుకునేవాళ్లు లేకపోయారు. ఘటం పక్కవాళ్ల చేతుల్లోకి వెళ్లాక నేను బటన్ నొక్కాను. నొక్కాక దూకాను. ఆ వరసలోనే చేశాను.

కాకినాడ ఆసుపత్రిలో అమ్మ రెండు రోజులు కళ్లు తెరవలేదు. మూడో రోజు మధ్యాహ్నం కాసేపు తెలివిలోకి వచ్చింది. అమ్మ నాతో మాట్లాడింది ఆ కాసేపే, మళ్లీ మాట్లాడలేదు.

"అంతసేపు ఎందుకమ్మా ఆడావు? అమ్మోరు దిగలేదా?" అన్నాను.

"అమ్మోరు గుడి ముందు కాసేపటికే దిగిపోయిందిరా" అంది. గొంతు లేదు, పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "దరువు మోగుతుంటే ఘటం దించకూడదు. మీ నాయనమ్మ చెప్పింది. నువ్వు ఆపుతావేమోనని చూశాను. నువ్వు దణ్ణం పెట్టావు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ అంది.

"మధ్యలో దించేస్తే నీ వాయింపు బాగాలేదనుకుంటారని ఆడాను. ఊళ్లో ఎవరైనా నిన్నేమన్నా అన్నారా?"

"లేదమ్మా. అందరూ బాగుందన్నారు" అన్నాను.