పోశన్న ఏడవలేదు

ముందుగా ఒప్పుకోవలసింది ఒకటుంది. ఈ వ్యవహారంలో తెలివితక్కువ పని చేసింది అధ్యక్షుల వారు కాదు, నేను. ఆయన నోటితో చెప్పారంతే. చేతులారా చేసింది నేనే.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ముగిసిన మరుసటి చలికాలం. దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా నాకది చివరి ఏడాది. డ్రాయింగులకు నంబరు వేసి, ముద్ర కొట్టి, ఏ ప్రతి ఎవరి చేతికి వెళ్లిందో రాసిపెట్టడం ఆ ఉద్యోగం. హోదాలో ఇంజనీర్లకు కింద, ప్యూను కంటే రెండు మెట్లు పైన. అయినా ముద్ర నా దగ్గర ఉండేది కనుక అందరూ నవ్వుతూ పలకరించేవారు.

సాయంత్రాలు అబూ హమూర్‌లోని మన తెలుగు సంఘం పత్రికకు సంపాదకుణ్ణి; సంపాదన లేని సంపాదకుణ్ణి. నెలకు పన్నెండు పేజీలు. పుట్టినరోజులు, పులిహోర పోటీలు, మూడు పేజీల అధ్యక్షుల సందేశం. సంఘ సభ్యుల్లో నూటికి తొంభైమంది ఇంజనీర్లు. అధ్యక్షులు సత్యమూర్తి గారూ ఇంజనీరే, భీమవరం వారు.

అనుమతి లేకుండా ఇక్కడ విరాళాలు వసూలు చేయకూడదు. అందుకని డబ్బు జోలికి పోకుండా ఆ ఏడు బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులోని కార్మికులకు దుప్పట్లు పంచాలని తీర్మానించారు. దుప్పట్లు తెమ్మంటే మనవాళ్లు సూట్లు, ఎత్తు మడమల చెప్పులు, ఒక లెహంగా కూడా తెచ్చారు. దుప్పట్లూ వచ్చాయి, కొన్ని.

శుక్రవారం పంపిణీ. అదే వేదిక మీద పత్రిక ఆవిష్కరణ.

"ఏవండీ శేషగిరి గారూ, అతిథి గారు విడుదల చేసే సంచికలో ఆ రోజు వార్తే లేకపోతే ఏం బాగుంటుందండీ? ముందే రాసి పడేయండి," అన్నారు సత్యమూర్తి గారు.

మా వృత్తిలో యాజ్-బిల్ట్ డ్రాయింగ్ అని ఒకటుంది. పని పూర్తయ్యాక, కట్టింది కట్టినట్టు గీసేది. కట్టకముందే గీసి తెచ్చినవాళ్లను నేను కౌంటరు దగ్గరి నుంచే వెనక్కి పంపేవాణ్ణి. అలాంటి నేను బుధవారం కూర్చుని శుక్రవారం జరగబోయేదంతా భూతకాలంలో రాశాను. జనం కిక్కిరిశారని రాశాను. వార్త కాస్త పొడిగా ఉందనిపించి తడి చేయబోయాను. ఒక పేరు కావలసి వచ్చింది. రోజూ పొద్దున్నే నా కౌంటరుకు డ్రాయింగుల కోసం వచ్చే స్కాఫోల్డింగ్ ఛార్జ్‌హ్యాండ్, అంటే పరంజాలు కట్టే ముఠాకు మేస్త్రీ, పోశన్న గుర్తొచ్చాడు. 'జగిత్యాల జిల్లాకు చెందిన పోశన్న దుప్పటి అందుకుని కన్నీరు మున్నీరయ్యాడు' అని ముగించాను. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

మంగళవారం పోశన్న కౌంటరుకు వచ్చాడు. డ్రాయింగు అడగలేదు. ఫోను నా ముందు పెట్టాడు. మన పత్రికే, వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో.

"సార్, శుక్రారం నాకు ఓవర్‌టైం. పొద్దుగూకేదాక ఇండస్ట్రియల్ ఏరియాల పరంజ మీదనే ఉన్న. దుప్పటి ఎప్పుడు తీస్కున్న? ఎప్పుడు ఏడ్చిన?"

ఫోను దగ్గరికి తీసుకుని చదివాను. నా వాక్యమే.

"మా అవ్వ రెండు దినాల సంది బువ్వ ముడ్తలేదు. దుబాయిల నా కొడుకు కప్పుకోను బట్ట లేక ఏడుస్తుండని ఊరంత చెప్తుంది. ఆమెకు గల్ఫంత దుబాయే. నేను కొనుక్కున్న దుప్పటి వీడియో కాల్ల సూపెట్టిన సార్. అది వాళ్లిచ్చిందే గదా బిడ్డా అన్నది. అచ్చుల పడ్డదాన్ని నోటితోటి ఎట్ల తుడుస్త? మీరే తుడువుండ్రి."

ఆ సాయంత్రమే వెళ్లి, సవరణ వెంటనే వేద్దామని సత్యమూర్తి గారిని అడిగాను.

"కార్మికుడు ఏడవలేదని అచ్చేస్తే మన దాతలు ఏడుస్తారండీ!" అన్నారాయన. నేను కదలకపోయేసరికి, "సరే, ఫోన్లకు పంపిన కాపీ సరిచేసి మళ్లీ పంపండి. ఆఖరి పేజీ అడుగున, ఎవరికీ కనబడకుండా వేసుకోండి," అని అనుమతి దయచేశారు.

పైవారి ఆదేశం అక్షరాలా పాటించడం నా వృత్తి ధర్మం. ఆఖరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో వేశాను: 'జగిత్యాల పోశన్న గారు ఆ రోజు డ్యూటీలో ఉన్నారు. దుప్పటి తీసుకోలేదు. తన దుప్పటి తనకుంది. ఏడవలేదు. ఆ వార్తను కార్యక్రమానికి రెండు రోజుల ముందే సంపాదకుడు రాశాడు.' పోశన్న ఆ పేజీని పెద్దది చేసి తన ఊరికి పంపాడు. అవ్వ ముందు ఎవరో గట్టిగా చదివారట. ఆ పూట అన్నం తిన్నదని మర్నాడు కౌంటరు దగ్గర చెప్పి, డ్రాయింగు తీసుకుని వెళ్లిపోయాడు. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

జరిగాకే రాయాలి, ఎవరి గురించి రాస్తామో వాళ్లను ముందు అడగాలి. ముప్పై ఏళ్లు ఇతరుల కాగితాలకు వర్తింపజేసిన నియమం నా కాగితానికీ వర్తిస్తుందని నేర్చుకున్నాను.

ఇక మిగిలింది చిన్న సంగతి. డ్రాయింగు మార్చి పంపేటప్పుడు, మార్చిన చోటు చుట్టూ మబ్బు ఆకారంలో గీత గీయడం మా పద్ధతి. సవరించిన ప్రతి చేతికి రాగానే ఇంజనీరు ముందు వెతికేది మబ్బునే; కన్ను ఇంకెక్కడా ఆగదు. ఆ ఐదు వాక్యాల చుట్టూ, ఎర్రసిరాతో, నేనూ ఒక మబ్బు గీశాను. అబూ హమూర్ అంతా సంచిక తెరిచి తిన్నగా ఆఖరి పేజీకి వెళ్లింది. సత్యమూర్తి గారు కూడా ముందు అక్కడికే వెళ్లారు. మూడు పేజీల ఆయన సందేశం ఎలా ఉందని తర్వాత పదిమందిని అడిగారు. "ఈసారి సందేశం రాశారా అండీ?" అన్నారు పదిమందీ.