సువార్తను కోతకు పంపిన రోజు

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మొదట్లో దాచడం తేలిగ్గానే ఉండేది. టీచరుగా నాకు మంచి పేరు వచ్చేకొద్దీ అది బరువెక్కింది. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల్లో గుంటూరులో బీఎస్సీ పూర్తిచేసి, చిన్నబడి టీచర్ల ట్రైనింగులో చేరాను. డిగ్రీ చదివింది అఆలు దిద్దించడానికా అని బంధువులు వేళాకోళం చేశారు. నాకూ లోపల అది చిన్నతనంగానే ఉండేది. ఫస్టు క్లాసు తెచ్చుకుని వాళ్ళ నోళ్ళు మూయించాలనుకున్నాను.

ఆఖరి పరీక్ష అంటే, ఏదో ఒక ఊరి బడిలో పరీక్షాధికారి ముందు పాఠం చెప్పి చూపించడం. నాకు మిరపచేల మధ్య ఉన్న ఒక బడిలో మూడో తరగతి ఇచ్చారు. దీనికి మా సీనియర్లు నేర్పిన కిటుకు ఒకటుంది. ప్రశ్న అడగ్గానే పిల్లలందరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి. మనం కుడిచెయ్యి ఎత్తినవాళ్ళనే లేపుతాం. చూసేవాళ్ళకు క్లాసంతా సరస్వతీ కటాక్షమే! మా బ్యాచిలో ఈ పని చెయ్యనివాళ్ళు లేరు.

సువార్త అనే పిల్ల దగ్గర ఇది పారలేదు. కూలికి వెళ్ళే మార్తమ్మ కూతురు. కుడి ఎడమలు తెలియక కాదు, తననే లేపాలని ఆశ. ప్రతి ప్రశ్నకూ కుడిచెయ్యే ఎత్తేది. లేపకపోతే కూర్చున్నచోటి నుంచే అరిచి తప్పు చెప్పేది. కాదంటే కాస్త ఆలోచించి మళ్ళీ చెప్పేది. రెండోసారో మూడోసారో సరిగ్గానే చెప్పేది. అది నేను గమనించాను. గమనించలేదని ఇప్పుడు బొంకలేను.

పరీక్షకు ముందురోజు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. మార్తమ్మ మండుతున్న చేతులకు నూనె రాసుకుంటోంది.

"రేపు సువార్తను నీతో కోతకు తీసుకెళ్ళమ్మా," అన్నాను.

"దాన్ని తీసకెళ్ళనండీ. అందరూ పిల్లల్ని తెచ్చుకుంటన్నా నేను మాత్తరం బడికే పంపుతన్నా. ఏం, అల్లరి చేసిందాండీ?"

ఒక్కరోజుకే అని చెప్పొచ్చు. ఎందుకని అడిగితే? అప్పుడు నోటికొచ్చిన మాట అనేశాను. నోటికొచ్చిందంటున్నాను గానీ, దారిలో నడుస్తూ అనుకున్న మాటే.

"దానికి చదువు రాదమ్మా. ఊరికే కూర్చోబెట్టడం దేనికి?"

మార్తమ్మ నూనెచేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "మీకు తెలుసుద్ది గదండీ, చదువుకున్నోళ్ళు," అంది. సువార్త గుమ్మంలో నిలబడి అంతా వింది.

మర్నాడు పాఠం బ్రహ్మాండంగా జరిగింది. పరీక్షాధికారి మెచ్చుకున్నారు. ఫస్టు క్లాసు వచ్చింది, ఆ తర్వాత ఉద్యోగమూ వచ్చింది. సువార్త మాత్రం మళ్ళీ బడికి రాలేదు. హెడ్మాస్టరు గారిని అడిగితే, కోతలకు పోతోందమ్మా అన్నారు, ఎప్పుడూ ఉండేదే అన్నట్టు.

పరీక్ష అయ్యాక ఇంకో వారం నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. వాళ్ళిల్లు బడికి కూతవేటు దూరం. ఎందుకు వెళ్ళలేదు? కోతలయ్యాక అదే వస్తుందిలే అనుకున్నాను. పేదరికం వల్ల ఎలాగూ మానేసేదే కదా అని కూడా సర్దిచెప్పుకున్నాను, మార్తమ్మ ఆ పేదరికంలోనే దాన్ని రోజూ బడికి పంపిందని తెలిసి కూడా. అవన్నీ సాకులు. వెళితే, అబద్ధమాడానని ఒప్పుకోవాలి. డిగ్రీ చదివినదాన్ని, ఒక కూలిమనిషి ముందు ఆ మాట అనడానికి నామోషీ పడ్డాను. అంతే.

తర్వాత ఎంతోమంది పిల్లలకు చదువు చెప్పాను. దానికీ దీనికీ చెల్లు అని నేననుకోను. సువార్తకు ఈపాటికి మనవలు పుట్టి ఉండొచ్చు. మార్తమ్మ ఉందో లేదో తెలియదు. ఉన్నా, ఆమెకు చదవడం రాదు. అయినా ఆ వారంలో ఆమె గుమ్మంలో నిలబడి అనాల్సిన మాట ఇవాళ ఇక్కడ అంటున్నాను.

మార్తమ్మా, నీ కూతురికి చదువు వస్తుంది. నేను అబద్ధం చెప్పాను.